ఈస్టర్ ఇంటికి తాజా పూలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ సంవత్సరం, అంటే 2026లో, ఈస్టర్ ఏప్రిల్ 5న వస్తోంది. ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పండుగనాడు ఇంటిని తాజా పూలతో అలంకరించుకోవడం గురించే ఉన్నాయి. ఏప్రిల్ మొదటి వారానికే కడప, కర్నూలు, అనంతపురాలలో మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది కనుక, చలిదేశాల చిత్రాలను చూసి చేసిన అలంకరణ మన ఇళ్లలో ఒక పూట కూడా నిలవదు. కడపలో మా మందిరానికీ మా ఇంటికీ ఎన్నో ఏళ్లుగా పండుగ పూలు అమర్చుతున్నదాన్ని కనుక, నేను చేసి చూసి నమ్మినవే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: వందనాలు అక్కా. ఈస్టర్ కార్డుల మీద ఎక్కడ చూసినా బాకాల్లాంటి తెల్లని లిల్లీ పూలే కనిపిస్తాయి. పోయిన సంవత్సరం మా ఊరి పూలంగడిలో లిల్లీ కావాలని అడిగితే, పొడవాటి కాడలకు చిన్న చిన్న తెల్లపూలున్నవి ఇచ్చారు. అవి లిల్లీలేనా? కార్డు మీది పువ్వు మనకెక్కడ దొరుకుతుంది? అది లేకుండా పండుగ అలంకరణ వెలితిగా ఉండదా?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: చెల్లెమ్మా, అంగడివారు మీకు తప్పు పువ్వు ఇవ్వలేదు. మన పూల అంగళ్లలో లిల్లీ అని పిలిచేది నేలసంపెంగనే. పెళ్లిదండల్లోనూ, మందిరపు పూలసజ్జల్లోనూ మనం ఎప్పటినుంచో చూస్తున్న ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో దేశం. కార్డు మీది పువ్వు వేరే జాతి. అది జపాన్ దక్షిణాన ఉన్న ర్యూక్యూ దీవులలోనూ, తైవాన్‌లోనూ సహజంగా పెరిగేది. దాన్ని దాని మానాన వదిలితే జూన్, జూలై నెలల్లో పూస్తుంది. దుంపలను కొన్ని వారాలు చలిలో ఉంచి, ఆ తరువాత వెచ్చని గాజు ఇళ్లలో పెంచి, పండుగ తేదీకి సరిగ్గా విచ్చుకునేలా చేయడం అమెరికాలోని తోటల వారి నేర్పు. అక్కడ అమ్ముడయ్యే దుంపలలో చాలా భాగం ఆరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల సరిహద్దున సముద్రతీరంలో పండుతుంది. అంటే ఆ పువ్వుకూ ఈస్టర్‌కూ ఉన్న సంబంధం ఒక దేశపు వాడుక వల్ల ఏర్పడినదే తప్ప ఆరాధన నియమం కాదు.

మీకు ఎంతో ఇష్టమైతే, పెద్ద పూలదుకాణాల్లో నాలుగు రోజులు ముందుగా చెబితే బెంగళూరు నుండి ఆ కుటుంబానికే చెందిన సంకర రకాల కాడలు తెప్పించి ఇస్తారు. ఖరీదు ఎక్కువే. తెచ్చిన తరువాత పువ్వు విచ్చుకోగానే లోపలి కేసరాల కొసన ఉండే నారింజరంగు పుప్పొడి తిత్తులను వేళ్లతో మెల్లగా తీసివేయండి. ఆ పుప్పొడి తెల్లబట్ట మీద పడితే మరక వదలదు. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఆ పువ్వు తేవద్దు. ఆకు కొరికినా, పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

వెలితి గురించి అడిగారు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు చూపించిన పువ్వులను ఆంగ్ల బైబిలు లిల్లీలు అంటే, మన తెలుగు బైబిలు అడవిపువ్వులు అన్నది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మన చేలగట్ల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే పూసే పూలు గుర్తుకు వస్తాయి. ఆ పూలను చూపించి చెప్పిన మాటను నమ్మిన మనకు, ఒక ప్రత్యేకమైన పువ్వు దొరకకపోతే పండుగ తక్కువవుతుందన్న చింత అక్కర్లేదు. పైగా ఈస్టర్ నాటి రంగులు తెలుపూ బంగారమూ. నేలసంపెంగ తెలుపు, పసుపు చామంతి బంగారం; ఈ రెండూ మన అంగళ్లలో పక్కపక్క బుట్టల్లోనే దొరుకుతాయి.

నేలసంపెంగ కొనేటప్పుడు ఒకటి గమనించండి. ఒంటి రేకుల రకం దండలకు విడిపూలుగా అమ్ముతారు. ఒత్తుగా రేకులున్న రకమే కాడలతో కూజాలో నిలబెట్టడానికి బాగుంటుంది. ఈ పువ్వు కాడ అడుగునుండి పైకి విచ్చుకుంటూ పోతుంది కనుక, అడుగున రెండు మూడు పూలు విచ్చి, పైనవన్నీ మొగ్గలుగా ఉన్న కాడను ఎంచుకోండి. వాడిన అడుగు పూలను రోజూ గిల్లివేస్తూ, కొసన ఉన్న మరీ చిన్న మొగ్గలను మొదటి రోజే తుంచివేస్తే, నడిమి మొగ్గలన్నీ చక్కగా తెరుచుకుంటాయి. రాత్రిపూట దీని వాసన చిక్కబడుతుంది. చిన్న గదిలో పది కాడలు పెడితే కొందరికి తలనొప్పి వస్తుంది కాబట్టి, పడకగదిలో కాక ముందుగదిలో ఉంచండి.

ప్రశ్న: పోయిన ఈస్టర్‌కు గ్లాడియోలస్, జెర్బెరా పూలు చాలా ఖర్చు పెట్టి తెచ్చాము. శనివారం రాత్రి కూజాలో పెట్టాము. ఆదివారం మధ్యాహ్నానికి జెర్బెరాలు తలలు వాల్చేశాయి. మరునాటికి గ్లాడియోలస్ రేకుల అంచులు కాలినట్లు గోధుమరంగుకు తిరిగాయి. పూలు పాతవి ఇచ్చారేమోనని అనుమానం. మా ఇంటిలో వాడేది బోరు నీళ్లు.
— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మీ ఉత్తరంలోని చివరి వాక్యంలోనే నాకు జవాబు కనిపించింది. పూలు పాతవి అయి ఉండవచ్చు; కానీ రేకుల అంచులు మాత్రమే కాలినట్లు కావడానికి ఎక్కువగా కారణం నీళ్లే. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి మీకు తెలిసినదే. మనుషులు తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గ్లాడియోలస్, జెర్బెరా మనకన్నా సుకుమారమైనవి. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్నా వాటికి హాని జరుగుతుంది. కాడ పీల్చిన నీరు రేకుల అంచుల దాకా పోయి అక్కడ ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ మాత్రం అంచులోనే మిగిలిపోయి పోగవుతుంది. అందుకే మంట అంచున మొదలవుతుంది, పైమొగ్గలు తెరుచుకోకుండానే ఎండిపోతాయి. నీళ్లు కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు తగ్గిన కొద్దీ మరింత చిక్కబడుతుంది. నేనూ ఒక ఏడాది బంధువుల ఇంటిలో పెళ్లికి ఇలాగే కాచిన బోరు నీళ్లలో ఇరవై గ్లాడియోలస్ కాడలు పెట్టి, మరునాడు వాటిని చూసి ఎంతో బాధపడ్డాను.

కాబట్టి ఈసారి కూజాలో మీరు తాగే నీళ్లే పోయండి. సత్యసాయి తాగునీటి పథకం నీళ్లు మీ వీధికి వస్తుంటే అవి పట్టి ఉంచుకోండి. లేదంటే ఫిల్టరు నీళ్ల డబ్బా ఒకటి కొనండి. రెండు మూడు కూజాలకు పది లీటర్లు చాలు. పూలకు పెట్టిన డబ్బుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. బోరు నీళ్లు తప్ప వేరే దారి లేని ఇంటివారు ఆ రెండు పూలనూ వదిలి చామంతి, బంతి, గులాబీ వంటివి తెచ్చుకోవడం మేలు.

జెర్బెరా తల వాల్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని కాడ లోపల బోలుగా, పైన నూగుతో ఉంటుంది. కూజా నిండా నీళ్లు పోస్తే మునిగిన భాగం కుళ్లిపోయి, పైకి నీరు ఎక్కదు. నాలుగు వేళ్ల లోతు నీరు మాత్రమే పోసి, దాన్ని రోజూ మార్చండి. గులాబీల విషయం దీనికి పూర్తిగా భిన్నం. అంగడినుండి తేగానే అడుగు ఆకులనూ ముళ్లనూ తీసివేసి, బకెట్టు నీళ్లలో కాడ కొసను ముంచి ఉంచి, నీటి లోపలే ఏటవాలుగా అంగుళం మేర కత్తిరించండి. గాలిలో కత్తిరిస్తే కాడలోని నీటిదారిలోకి గాలిబుడగ చేరి, దాహంతో ఉన్న పువ్వుకు నీరు అందకుండా అడ్డుపడుతుంది. కత్తిరించిన తరువాత మెడదాకా నీళ్లలో, చీకటి గదిలో రెండు గంటలు ఉంచితే, మరునాటి ఎండను తట్టుకునే శక్తి వాటికి వస్తుంది. వాలిన గులాబీ కూడా ఈ విధంగా చాలాసార్లు తిరిగి తల ఎత్తుతుంది.

ఏ పువ్వయినా నీటిలో మునిగే ఆకులన్నింటినీ తీసివేయండి. ఆకు కుళ్లితే నీటిలో క్రిములు పెరిగి కాడల కొసలను మూసివేస్తాయి. లీటరు నీటికి ఒక పెద్ద చెంచా చక్కెర, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, పావు చిన్నచెంచా బట్టలకు వాడే బ్లీచింగు ద్రావణం కలిపితే పూలకు ఆహారమూ, క్రిములకు అడ్డూ రెండూ అవుతాయి. బ్లీచింగు లేకుండా చక్కెర ఒక్కటే వేస్తే క్రిములకు విందు పెట్టినట్టే. ఇత్తడి చెంబులో పూలు పెట్టేవారు ఈ నిమ్మరసపు నీటిని నేరుగా పోయకుండా, లోపల ఒక గాజు గ్లాసు దించి అందులో పోయాలి. పిల్లలున్న ఇంటిలో ఇవేవీ కలపకుండా, రోజూ నీళ్లు మార్చడంతోనే సరిపెట్టుకోండి.

ఇక కూజాను ఎక్కడ పెట్టారన్నది మీరు రాయలేదు. ఫ్యాను గాలి నేరుగా తగిలే చోటా, కూలరు ఎదురుగానూ పెడితే, ఆ గాలి రేకులలోని తేమను పీల్చివేస్తుంది. టీవీ పక్కన, ఫ్రిజ్ మీద వేడి ఉంటుంది. చాలామందికి తెలియనిది పండ్ల సంగతి. పండుతున్న మామిడి, అరటి పండ్లనుండి ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. కాయను పండించే ఆ వాయువే పువ్వును త్వరగా రాల్చేస్తుంది. మామిడి పండ్లు ఇంటికి వచ్చే రోజులే ఇవి. ఆ పండ్ల బుట్ట వంటగదిలోనూ, పూల కూజా ముందుగదిలోనూ ఉండాలి. ఒకే బల్ల మీద రెండూ పెట్టవద్దు.

ప్రశ్న: మా అత్తమ్మగారు మంచి శుక్రవారం నాడు ఇంట్లో పువ్వు కనిపించకూడదంటారు. శనివారమంతా వంట పనే సరిపోతుంది. ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకే ఆరాధనకు బయలుదేరాలి. మరి అలంకరణ ఎప్పుడు చేయాలి? శనివారం ధరలు కూడా మండిపోతాయి కదా.
— ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: మీ అత్తమ్మగారి మాటకు పాత ఆధారమే ఉంది. నలభై దినాల శ్రమకాలంలో బలిపీఠం మీద పూలు పెట్టకపోవడం కతోలిక మందిరాలలో నియమం. గురువారం రాత్రి బలిపీఠం మీది వస్త్రాలు సైతం తీసివేసి, శనివారం రాత్రి పాస్కా జాగరణ నాటికి మళ్లీ పూలతో నింపుతారు. ఇతర సంఘాలలో ఇంత నియమం లేకపోయినా, చాలా ఇళ్లలో శుక్రవారం నాడు పువ్వు పెట్టరు. నాకైతే ఆ బోసితనం ఎంతో అవసరమనిపిస్తుంది. రెండు రోజులు ఖాళీగా చూసిన బల్ల మీద ఆదివారం ఉదయం పూలు కనిపించినప్పుడు, ఇంట్లోని చిన్నపిల్లలకు కూడా ఏదో జరిగిందని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కాబట్టి ఆ పద్ధతిని పాటిస్తూనే పని తేలిక చేసుకునే మార్గం చెబుతాను.

శుక్రవారం సాయంత్రం ఆరాధన అయ్యాక కూజాలు, చెంబులు సబ్బుతో కడిగి బోర్లించి పెట్టుకోండి. తాగే నీళ్లు పట్టి ఉంచండి. శనివారం ఉదయాన్నే, ఎండెక్కక ముందే కాడపూలు తెచ్చి, వాటిని పైన చెప్పినట్లు కత్తిరించి, చల్లని గదిలో బకెట్టులో వదిలేయండి. వంట పూర్తయి రాత్రి తీరిక చిక్కినప్పుడు కూజాలో అమర్చడానికి పావుగంట చాలు.

మల్లెలను మాత్రం శనివారం సాయంత్రమే కొనండి, అదీ మొగ్గలుగానే. ఈ పండుగ మల్లెల కాలంలో రావడం మన భాగ్యమని నేను ప్రతి ఏడాదీ అనుకుంటాను. గుండుమల్లె మొగ్గ సాయంత్రం దాకా బిగుసుకుని ఉండి, చీకటి పడ్డాక విచ్చుకుంటుంది. ఇంట్లో అందరూ నిద్రపోయే వేళ ఒక తెల్లని పళ్లెంలో పలచగా పరిచి బల్ల మీద పెట్టండి. ఎవరూ చూడకుండా రాత్రిలో తెరుచుకున్న ఆ పూలు, మీరు చీకటితో లేచేసరికి ఇల్లంతా వాసనతో నింపి ఉంటాయి. ఖాళీ సమాధి దగ్గరికి స్త్రీలు వెళ్లినది కూడా ఇంకా చీకటిగా ఉండగానే కదా. అంతకన్నా ఈ పండుగకు తగిన పువ్వు నాకు తెలియదు. సాయంత్రం ముందుగానే తేవలసి వస్తే తడిపి గట్టిగా పిండిన నూలుబట్టలో చుట్టి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. విచ్చిన మల్లెల మీద మాత్రం నీళ్లు చల్లకండి, చుక్క నిలిచిన చోట రేకు గోధుమరంగుకు తిరుగుతుంది.

ధరల విషయానికి వస్తే, మార్చి 21 లేదా ఆ తరువాత వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్ అవుతుంది. చాలా సంవత్సరాలలో అది చైత్ర పున్నమే. శ్రీరామనవమి, ఆ వెంటనే పున్నమి వెన్నెలలో జరిగే ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం, పెళ్లిళ్లు, అన్నీ ఆ పదిహేను రోజుల్లోనే ఉంటాయి కనుక మన జిల్లాల్లో పూలకు గిరాకీ తప్పదు. ఈసారి పున్నమి ఏప్రిల్ 2న. మీ పూలమ్మకు బుధవారం నాడే ఎంత కావాలో చెప్పి కొంత బయానా ఇచ్చి ఉంచితే, శనివారం బేరానికి నిలబడవలసిన పని ఉండదు.

ప్రశ్న: మాది ఒక్క గది ఇల్లు. ఖరీదైన పూలు కొనలేము. కూజాలు కూడా లేవు. కానీ పిల్లలకు పండుగ గుర్తుండేలా ఏదైనా చేయాలని ఉంది. ఆకుపచ్చ స్పాంజి దిమ్మ కొనమని ఎవరో చెప్పారు.
— ఒక తల్లి, ఆదోని

సమాధానం: అమ్మా, ఆ దిమ్మ కొనకండి. అది ఒకరకం ప్లాస్టిక్కు; మట్టిలో కలవదు, ముట్టుకుంటే పొడి రాలుతుంది, ఒకసారి వాడితే మళ్లీ పనికిరాదు. దానికన్నా వందరెట్లు మంచిది అరటి బోదె. గెల కోసిన చెట్టు బోదెను తోటవాళ్లు ఊరికే కూడా ఇస్తారు. మూరెడు ముక్కను నిలువుగా రెండుగా చీల్చి, చీల్చిన వైపు కిందికి వచ్చేలా పళ్లెంలో పెట్టండి. సన్నని పుల్లతో రంధ్రాలు చేసి, బెత్తెడు కాడతో ఉన్న చామంతులనూ బంతులనూ గుచ్చండి. బోదెలో ఉన్న తేమే రెండు రోజులు పూలను కాపాడుతుంది. దాని రసం బట్టకు అంటితే మరక పడుతుంది, కాబట్టి గుచ్చేటప్పుడు పాతబట్ట ఒకటి పరుచుకోండి.

పిల్లల కోసం పూల సిలువ చేయండి. రెండు కర్రలను సిలువగా కట్టి, తడిపిన గోనెసంచి పీలికలను వాటి మీద గట్టిగా చుట్టి, గురువారం నాడే గోడకు ఆనించి పెట్టండి. శుక్రవారం, శనివారం అది అలాగే ఖాళీగా ఉండనివ్వండి. ఆదివారం ఉదయం మందిరంనుండి రాగానే, ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ తమ చేతితో ఒక్కో పువ్వు ఆ గోనె పోగుల్లో గుచ్చాలి. ఇరుగుపొరుగు పిల్లలు వస్తే వాళ్ల చేతికీ పూలు ఇవ్వండి. అర కిలో బంతిపూలతో సిలువంతా నిండిపోతుంది. వేపరెమ్మలు, కొంచెం మరువం, దవనం మధ్యమధ్య గుచ్చితే పూలు తక్కువైనా తెలియదు. మట్టల ఆదివారం నాడు తెచ్చుకున్న ఈతమట్టలు ఉంటే, వాటిని సిలువ వెనుక విసనకర్రలా కట్టవచ్చు. అయితే మీరు కతోలికులైతే ఆ దీవించిన మట్టలను పారవేయకుండా దాచండి, వచ్చే ఏడాది విభూతి బుధవారానికి వాటినే కాల్చి బూడిద చేస్తారు.

మీ వీధిలో గన్నేరు విరగబూసి ఉంటుంది, ఊరికే దొరుకుతుంది కదా అని దాన్ని కోసుకురావద్దు. గన్నేరులో పువ్వు, ఆకు, కాడ, పాలు అన్నీ విషమే. పిల్లలు చేతులు పెట్టే అలంకరణలోనూ, భోజనం వడ్డించే చోటనూ అది ఉండకూడదు.

ప్రశ్న: ఈస్టర్ తెల్లవారుజామున మా పెద్దల సమాధుల దగ్గర పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాము. ఎనిమిది గంటలకల్లా పూలన్నీ ఎండిపోతున్నాయి. ఎక్కువసేపు నిలిచే పద్ధతి ఉందా?
— ఒక పాఠకుడు, గుత్తి

సమాధానం: రాతి పలక ఎండకు వేడెక్కడం వల్లే పూలు అంత త్వరగా ఎండిపోతున్నాయి. విడిపూలను నేరుగా రాయి మీద చల్లకుండా, వెడల్పాటి మట్టి మూకుడులో తడి ఇసుక నింపి, పొట్టి కాడల చామంతులను దగ్గరదగ్గరగా గుచ్చి, రాయి తల వైపు నీడ పడే చోట పెట్టండి. సాయంత్రం దాకా నిలుస్తాయి. మూకుడు కింద ఒక అరటి ఆకు పరిస్తే రాతి వేడి కొంత ఆగుతుంది. కొవ్వొత్తిని పూలలో నిలబెట్టకండి. దానికి వేరే ప్రమిదలో ఇసుక పోసి, జానెడు దూరంలో ఉంచండి. ఎండిన గడ్డి, వాడిన దండలు ఉన్న చోట ఒక్క రవ్వ చాలు. తిరిగి వచ్చేటప్పుడు దండల దారాలూ, ప్లాస్టిక్కు సంచులూ ఏరి తెచ్చుకోండి, పశువులు తింటాయి. సోమవారం సాయంత్రం మళ్లీ ఒకసారి వెళ్లి వాడిన పూలను సమాధి పక్కనున్న చెట్టు మొదట్లో పోసి, మూకుళ్లు కడిగి ఇంటికి తెచ్చుకుంటే వచ్చే ఏడాదికి పనికివస్తాయి.